స్పై థ్రిల్లర్ రాయాలంటే ముందు ఆ ఊరి రూల్స్ పట్టుకోండి

స్పై కథ అనగానే మనవాళ్ళు హీరోని విమానం ఎక్కించి యూరప్‌లో దింపేస్తారు, అక్కడ ఒక పాత బ్రిడ్జి, మంచు, నల్ల ఓవర్‌కోటు, చేతిలో బ్రీఫ్‌కేసు, సీన్ అయిపోయింది. ఇందులో బెర్లిన్ తీసేసి బుడాపెస్ట్ పెట్టినా కథకి వీసమెత్తు తేడా రాదు, అసలు ప్రాబ్లెమ్ అదే. చదువుకో ఉద్యోగానికో బయట దేశంలో ఉంటున్నవాళ్ళకి ఇక్కడో అడ్వాంటేజ్ ఉంది. ఊళ్ళో చూడాల్సినవి టూరిస్టుకీ తెలుసు, కానీ ఊరి రూల్స్ మనకే తెలుస్తాయి, వాటితో రోజూ తల బాదుకునేది మనమే కాబట్టి. కథ పుట్టేది ఆ రూల్స్‌లోంచే. నేనుండేది బెర్లిన్ కాబట్టి ఉదాహరణలు ఇక్కడివే ఇస్తా, మీరు డల్లాస్‌లో ఉన్నా దుబాయ్‌లో ఉన్నా పద్ధతి మాత్రం ఇదే.

మీ బిల్డింగ్ గుమ్మం దగ్గర మొదలుపెట్టండి. ఇక్కడ అపార్ట్‌మెంట్లకి మామూలుగా ఫ్లాట్ నంబర్ ఉండదు, బెల్లు మీదా పోస్టు డబ్బా మీదా ఇంటిపేరు ఉంటుంది అంతే. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది, బ్యాంకు కార్డు అయినా సరే. పైగా ఇల్లు మారిన రెండు వారాల్లో అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవాలి, దానికి ఓనర్ సంతకం పెట్టిన కాగితం కావాలి. కొత్తగా వచ్చినవాళ్ళందరూ దీన్ని తిట్టుకుంటారు, మీరు మాత్రం తిట్టుకోవడం అయ్యాక నోట్‌బుక్ తియ్యండి. దొంగ పేరుతో దిగిన ఏజెంట్ బెల్లు మీద ఏ పేరు పెడతాడు? పాత అద్దెదారు పేరే ఉంచేస్తే, ఆ పాతాయన కోసం ఎవరైనా వచ్చి బెల్లు కొడితే? చూశారా, ఒక్క తుపాకీ లేకుండానే సస్పెన్స్ వచ్చేసింది.

రాసేటప్పుడు తేడా ఎలా ఉంటుందో చూడండి. "బెర్లిన్ మంచులో రఘు శత్రువు కోసం ఎదురుచూస్తున్నాడు" అని రాస్తే ఎవరికీ ఏమీ కనపడదు. ఇలా రాసి చూడండి: "రఘు బెల్లుల వరస మీద వేలు జరుపుకుంటూ వచ్చాడు. ష్మిట్. యిల్మాజ్. నోవాక్. నోవాక్ స్టిక్కర్ అంచు కొద్దిగా లేచి ఉంది, కింద ఇంకో పేరు తాలూకు రెండక్షరాలు. నిన్న సాయంత్రం ఆ పైస్టిక్కర్ లేదు." నాలుగు ముక్కల్లో ఊరూ వచ్చింది, ప్రమాదమూ వచ్చింది.

తర్వాత రైళ్ళు. బెర్లిన్ మెట్రోలో గేట్లు ఉండవు, ఎవరైనా నేరుగా ప్లాట్‌ఫామ్ మీదకి వెళ్ళిపోవచ్చు, కానీ చెకింగ్ వాళ్ళు మామూలు బట్టల్లో ఎక్కుతారు, టికెట్ లేకపోతే 60 యూరోలు ఫైన్, దాంతోపాటు ఐడీ కార్డు అడుగుతారు. మీ హీరో వెంట పడుతున్నవాణ్ణి వదిలించుకోవడానికి మూడు రైళ్ళు మారాడు, హడావుడిలో టికెట్ మీద స్టాంపు కొట్టించలేదు, ఎదురుగా జీన్స్ వేసుకున్న మనిషి వచ్చి నిలబడ్డాడు, వాడు టికెట్ చెకరా ఇంకెవరైనానా అని పాఠకుడికి రెండు క్షణాలు అర్థం కాకూడదు. చెకర్ అయినా చిక్కే, ఏ పేరున్న కార్డు చూపించాలి?

వెలుతురు కూడా రాసుకోండి. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది, జూన్‌లో రాత్రి పదికి కూడా ఆకాశం పూర్తిగా నల్లబడదు, కాబట్టి జూన్ కథలో "రాత్రి తొమ్మిదికి చీకట్లో కలుసుకున్నారు" అని రాస్తే ఇక్కడుండేవాళ్ళు నవ్వుతారు. ఆదివారం షాపులు దాదాపు అన్నీ మూతే. ఇంకోటి, ఖాళీ సీసాలు వెనక్కిస్తే డబ్బులొస్తాయి, ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్లు, అందుకని చెత్తడబ్బాల్లో చెయ్యి పెట్టి సీసాలు ఏరుకునేవాళ్ళు పార్కుల్లో ఎప్పుడూ తిరుగుతుంటారు, వాళ్ళ మొహం ఎవరూ చూడరు. నిఘా పెట్టే మనిషికి ఇంతకన్నా మంచి వేషం నాకైతే తట్టలేదు.

పాత కాలం కథ కావాలంటే కూడా బిల్డింగ్ కాదు, అప్పటి రూల్ వెతకండి. ఫ్రీడ్రిష్‌ష్ట్రాసె స్టేషన్‌కి వెళ్ళండి. బెర్లిన్‌ని తూర్పు, పశ్చిమాలుగా చీల్చిన గోడ ఉన్న రోజుల్లో ఆ స్టేషన్ మొత్తం తూర్పు బెర్లిన్‌లోనే ఉండేది, అయినా పశ్చిమం వాళ్ళ యూ6 మెట్రో అక్కడ ఆగేది, దిగి పాస్‌పోర్ట్ చూపించకుండానే ఇంకో పశ్చిమ రైలు ఎక్కిపోవచ్చు, ప్లాట్‌ఫామ్ మీదే పన్ను లేని సిగరెట్లు, మందు అమ్మే కొట్టు ఉండేది. ఆ లైన్లో తూర్పు వైపున్న మిగతా స్టేషన్లు మూసేశారు, మసక లైట్ల కింద గార్డులుండేవాళ్ళు, రైలు ఆగకుండా మెల్లగా వెళ్ళిపోయేది. ఏజెంట్లని అటూ ఇటూ దాటించడానికి తూర్పు జర్మనీ గూఢచారి సంస్థ స్టాసీ ఇదే స్టేషన్‌ని వాడుకునేది. పక్కనే 1962లో కట్టిన చెకింగ్ హాలు ఇప్పుడు మ్యూజియం, టికెట్ లేదు, వెళ్తే ఆ ఇరుకు పాస్‌పోర్ట్ క్యాబిన్లో కాసేపు నిలబడి చూడండి.

మనవాళ్ళకి ఇక్కడ చోటెక్కడ అంటారా, ఉంది. 1941లో సుభాష్ చంద్రబోస్ కలకత్తా నుంచి తప్పించుకుని కాబూల్ మీదుగా వెళ్ళేటప్పుడు ఆయనకి పష్తో రాదు, అందుకని చెవిటి మూగవాడిలా నటించాడు. భాష రాకపోవడమే వేషం అయిపోయింది. కాబూల్ నుంచి ఓర్లాండో మజ్జోటా అనే ఇటాలియన్ పేరుతో పాస్‌పోర్ట్ పెట్టుకుని మాస్కో మీదుగా బెర్లిన్ చేరాడు. అక్కడ ఆయనతో కలిసినవాడు హైదరాబాద్ కుర్రాడు ఆబిద్ హసన్, జర్మనీలో ఇంజనీరింగ్ చదువుకోవడానికి వచ్చినవాడు. 1943 ఫిబ్రవరిలో ఇద్దరూ కీల్ రేవులో జర్మన్ జలాంతర్గామి ఎక్కారు, ఏప్రిల్‌లో హిందూ మహాసముద్రం మధ్యలో రబ్బరు పడవ మీద జపాన్ జలాంతర్గామిలోకి మారారు. మాసబ్‌ట్యాంక్ వీధుల్లో తిరిగేవాడిని బెర్లిన్‌లో హీరోగా పెడితే నమ్ముతారా అని భయపడేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

రూట్ రాసే ముందు వాచీ పెట్టుకుని మీరే నడవండి. స్ట్రీట్ వ్యూలో వీధి వెడల్పు తెలుస్తుంది, ఏ సిగ్నల్ దగ్గర జనం ఖాళీ రోడ్డు మీద కూడా దాటకుండా నిలబడతారో తెలీదు. జర్మన్ మాటలు పేజీకి ఒకటి రెండు చాలు. ఎంబసీలు, పోలీస్ బిల్డింగుల ముందు నిలబడి ఫోటోలు తియ్యకండి, వీసా మీద ఉన్నవాళ్ళకి అస్సలు వద్దు, ఇంటికొచ్చి గుర్తున్నంత రాసుకోండి. పక్కింటావిడని యథాతథంగా విలన్ చెయ్యకండి, వయసు, వృత్తి, అంతస్తు మార్చెయ్యండి. ఆఫీసు సంగతులైతే ఇంకా జాగ్రత్త. స్పై నవలలు రాసిన ఇంగ్లీషు రచయిత జాన్ లె కారే అసలు పేరు డేవిడ్ కార్న్‌వెల్, గోడ లేచిన 1961లో జర్మనీలో బ్రిటిష్ ఎంబసీ ఉద్యోగం చాటున నిఘా విభాగానికి పనిచేస్తూనే రాశాడు, సొంత పేరుతో పుస్తకం వేసుకునే వీల్లేక మారుపేరు పెట్టుకున్నాడు. మీరు క్లయింట్ సర్వర్ రూమ్‌ని సెట్టింగ్‌గా వాడుకుంటుంటే ముందు మీ కాంట్రాక్టులో గోప్యత క్లాజు చదవండి, ఆ తర్వాత పేరు సంగతి ఆలోచించొచ్చు.