ఫైలు కళ్లెదుటే ఉంది, సిస్టమ్ మాత్రం లేదంటోంది

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసుకు బ్లాకుల కొలతల షీట్లు రోజూ రాత్రి బ్యాకప్ తీసే స్క్రిప్టు రాసిచ్చాను. ఉబుంటు (ఒక రకం లైనక్స్) మెషీన్‌లో ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. దాన్ని తీసేసి, యునిక్స్ తరహాదే అయినా లైనక్స్ కాని ఫ్రీబీఎస్‌డీ సర్వర్ పెట్టిన మొదటి రాత్రే బ్యాకప్ ఆగిపోయింది. పొద్దున్నే ఒంగోలు నుంచి బస్సెక్కి వెళ్లాను.

సమస్య: ఎల్ఎస్ (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) కొడితే ఫైలు కనిపిస్తుంది, నడిపితే "నాట్ ఫౌండ్"

"ఫైలు ఆడే ఉందిగన్నా, లేదంటదేంది?" అని అక్కౌంట్స్ చూసే తమ్ముడు అడిగాడు. లేదంటున్నది ఆ ఫైలును కాదు. స్క్రిప్టు మొదటి వరుసలో /బిన్/బాష్ అని రాసి ఉంది, అంటే దీన్ని నడపాల్సిన బాష్ అనే ప్రోగ్రాము ఉండే చోటు. లేనిది అదీ.

లైనక్స్‌లో బాష్ అక్కడే ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీలో మూల సిస్టమ్‌తో బాష్ రాదు, ప్యాకేజీగా వేసుకోవాలి. అలా వేసుకున్నవన్నీ /యూఎస్ఆర్/లోకల్ కిందికి పోతాయి. సిస్టమ్‌తో వచ్చినవి ఒక చోట, మనం చేర్చుకున్నవి ఇంకో చోట అన్నది వాళ్ల పద్ధతి. నాకు ఇది మంచి పద్ధతే అనిపిస్తుంది, ఏది ఎవరు పెట్టారో ఇట్టే తెలిసిపోతుంది. నెట్‌బీఎస్‌డీలో అయితే అవి /యూఎస్ఆర్/పీకేజీలో ఉంటాయి.

ముందు "కమాండ్ -వి బాష్" కొట్టి చూడండి. ఏమీ రాకపోతే బాష్ ప్యాకేజీ వేయండి. తర్వాత మొదటి వరుసను /యూఎస్ఆర్/బిన్/ఈఎన్‌వీ బాష్ అని మార్చండి. అప్పుడు బాష్ ఎక్కడుందో, ప్రోగ్రాములుండే ఫోల్డర్ల జాబితా అయిన పాత్‌లో వెతుక్కుంటుంది. బాష్ ప్రత్యేకతలేవీ వాడకపోతే, మామూలు షెల్ అయిన /బిన్/ఎస్‌హెచ్ అని రాయడం ఇంకా మేలు. /బిన్/బాష్‌కి లింకు పెట్టేస్తే సరిపోతుందని కొందరంటారు. నేను పెట్టను. తర్వాతి మెషీన్‌లో ఆ లింకు సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇంకోటి. స్క్రిప్టును విండోస్‌లో సేవ్ చేసినా ఇదే తరహా ఎర్రర్ వస్తుంది. వరుస చివర కనిపించని అక్షరం ఒకటి చేరుతుంది, బాష్ పేరే తప్పవుతుంది.

సమస్య: చేత్తో నడిపితే బాగుంటుంది, క్రాన్‌లో పడిపోతుంది

క్రాన్ అంటే పెట్టిన టైముకు పనులు నడిపేది. ఓనర్ గారబ్బాయి మ్యాక్‌లో ఇది ఎదురైంది. ఆపిల్ చిప్ ఉన్న మ్యాక్‌లో ప్యాకేజీలు వేసే హోంబ్రూ తన ప్రోగ్రాములను /ఆప్ట్/హోంబ్రూ/బిన్‌లో పెడుతుంది, ఇంటెల్ మ్యాక్‌లో /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో. క్రాన్ పాత్‌లో ఈ రెండూ ఉండవు. క్రాన్‌టాబ్ (క్రాన్ పనుల పట్టిక) పైన పాత్ వరుసను పూర్తిగా రాయండి. పాత పాత్‌కి డాలర్ గుర్తుతో కొత్తది కలుపుదామనుకోవద్దు, అక్కడ దాన్ని విప్పి చదవరు.

సమస్య: కరెంటు పోయి వచ్చాక సర్వీసు లేవదు

లైనక్స్‌లో /వార్/రన్ ఇప్పుడు /రన్‌కి లింకు మాత్రమే. /రన్ ఉండేది మెమరీలో. సర్వీసు కోసం మీరు అందులో చేత్తో చేసిన ఫోల్డర్ రీస్టార్ట్‌తో పోతుంది. సర్వీసులను లేపే సిస్టమ్‌డీలో ఆ సర్వీసు ఫైలులో రన్‌టైమ్ డైరెక్టరీ వరుస చేర్చండి, లేచిన ప్రతిసారీ అదే చేసుకుంటుంది.

స్టాండర్డ్ ఉంది కదా, మరి ఈ తిప్పలేంటి?

ఉంది. 1994 ఫిబ్రవరిలో లైనక్స్ కోసం, ఏ ఫైలు ఎక్కడుండాలో చెప్పే ఎఫ్ఎస్ఎస్‌టీఎన్‌డీ వచ్చింది. యునిక్స్ తరహా సిస్టమ్‌లన్నిటికీ పనికొచ్చేలా పెంచి దానికే ఎఫ్‌హెచ్ఎస్ అని పేరు పెట్టారు. 3.0 వెర్షన్ 2015లో వచ్చింది. దాన్ని పాటించేది ముఖ్యంగా లైనక్స్ వాళ్లే. బీఎస్‌డీలు తమ లేఅవుట్‌ను హయర్ అనే మాన్యువల్ పేజీలో రాసుకుంటాయి. యునిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడి స్టాండర్డ్ అయిన పోసిక్స్ గట్టిగా హామీ ఇచ్చేది రూట్, /డెవ్, /టీఎంపీ, ఇంకా మూడు డివైస్ ఫైళ్లకే. /బిన్/ఎస్‌హెచ్ చోటుకు కూడా హామీ లేదు, అలవాటుగా అన్నిచోట్లా ఉంటుందంతే.

అందుకే కొత్త మెషీన్‌కి మారే ముందు స్క్రిప్టులన్నిటిలో /బిన్, /యూఎస్ఆర్, /ఈటీసీ, /హోమ్ అని గ్రెప్ (వెతికే కమాండ్) కొట్టండి. /హోమ్‌ని మర్చిపోవద్దు, మ్యాక్‌లో యూజర్ల ఫోల్డర్లు ఉండేది /యూజర్స్‌లో. దొరికిన ప్రతి దారినీ స్క్రిప్టు పైభాగంలో ఒక వేరియబుల్‌గా పెట్టి, కింద ఆ పేరే వాడండి. చీమకుర్తి స్క్రిప్టులో ఆ పని అక్కడే కూర్చుని పూర్తి చేసి, చేత్తో ఒకసారి, క్రాన్‌లో ఒకసారి నడిపి, కొలతల షీటు తెరుచుకున్నాకే బస్సెక్కాను.