మందు మానేసినాక లాగుతుంటే ఏం చేయాలి, ఎట్లా రాసి పెట్టుకోవాలి

మందో గంజాయో మానేసినోడికి మళ్ళీ కావాలనిపిస్తే ఇంట్లోవాళ్ళు "వీడికి మనసు గట్టిగా లేదు" అని తేల్చేస్తారు, ఇది చాలా అన్యాయం అండి. మానసిక జబ్బుల్ని గుర్తుపట్టడానికి డాక్టర్లు వాడే డీఎస్‌ఎమ్-5 అనే పుస్తకం 2013లో వచ్చింది, అందులో ఈ క్రేవింగ్‌ని, అంటే మళ్ళీ కావాలని లాగడాన్ని, జబ్బు లక్షణాల్లోనే చేర్చారు, అంటే జ్వరం చూసుకున్నట్టు దీన్నీ చూసుకోవచ్చు.

మన తిరుపతిలోనే చూడండి, కొండ మీద సిగరెట్, మందు రెండూ నిషేధం, క్యూలో గంటలు గంటలు నిలబడి సిగరెట్ ఊసే ఎత్తనోడు కిందికొచ్చి బస్సు దిగంగానే సిగరెట్ బంకు యాడుందా అని వెతుకుతాడు. ఒంట్లో నికోటిన్ తగ్గడం ఒక్కటే కారణమైతే పైనే అల్లాడిపోవాల కదా, చోటు మారింది, దొరుకుతుందని తెలిసింది, అంతే, లాగుడు మొదలైంది.

అందుకని చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి, ఫోన్ అయినా పర్లేదు. లాగినప్పుడే రాయాలి, రాత్రికి రాద్దాం అనుకుంటే సగం మర్చిపోతాం. "సాయంత్రం 6:40, లీలామహల్ సర్కిల్, ఒక్కడినే, జీతం పడింది, మధ్యాహ్నం తినలా, 8" ఇంత చాలు. చివరి అంకె 0 నుంచి 10లో ఎంత గట్టిగా లాగుతోందో. అరగంట ఆగి మళ్ళీ అంకె వేయండి, చాలాసార్లు అది దిగిపోయి ఉంటుంది, ఆ తేడా మన చేత్తోనే రాసుకుని చూసుకుంటే వచ్చే ధైర్యం ఎవురు చెప్పినా రాదు.

ఇంకోటి, చాలామంది వదిలేసేది ఇదే: ఏమీ లాగనప్పుడు కూడా రాయాలి. రోజుకి మూడు నాలుగుసార్లు అలారం పెట్టి, మోగినప్పుడు ఎక్కడున్నా అంకె వేయండి, 0 అయినా సరే. లేకపోతే లీలామహల్ దగ్గరే తప్పు అనుకుంటాం, తీరా చూస్తే రోజూ అట్లనే పోతున్నా 1, 2 దాటట్లేదు, ఖాళీ కడుపు, చేతిలో డబ్బు కలిసిన రోజే 8 అయిందని తెలుస్తుంది. రీసెర్చ్ చేసేవాళ్ళు కూడా ఫోన్లతో ఇట్లానే ముందే చెప్పకుండా ఏదో ఒక టైమ్‌లో అడుగుతారు.

నెల దాటింది కదా అని ఆపొద్దు. 2001లో ఎలుకల మీద చేసిన స్టడీలో, కొకైన్ ఆపినాక దాన్ని గుర్తుచేసేవి ఎదురైతే వెతుకులాట మొదటి రెండు నెలల్లో తగ్గకపోగా పెరిగింది.

రోజూ బాగా తాగేవాళ్ళు మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపేయొద్దు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ముందు తిరుపతి రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ డాక్టర్‌కి చూపించండి, నోట్‌బుక్ కూడా తీసుకెళ్ళండి, మందు యావ తగ్గించే నాల్ట్రెక్సోన్ లాంటి మాత్రలు ఉన్నాయి, సరిపడతాయో లేదో వాళ్ళే చెప్తారు. మత్తు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు.

అమ్మానాన్నలకి ఒక మాట, ఆ నోట్‌బుక్ వాడిది, అడక్కుండా తెరవొద్దు. తెరిచి తిట్టారంటే రేపట్నుంచి వాడు అన్నీ 2లే వేస్తాడు.