వ్యవసాయ యంత్రాల్లో పగిలిన బీడు భాగాల మరమ్మతు

పనివారు బీడు అని పిలిచే పోత ఇనుముతో చేసిన భాగం పగిలినప్పుడు, అది ఇక అతకదని కొందరు పక్కన పడేస్తారు. మామూలు ఇనుములాగే అతుకుతుందనుకుని మరికొందరు చేతికందిన రాడ్డుతో వెల్డింగ్ చేసేస్తారు. రెండూ పొరపాట్లే. పంపు కేసింగు, గేరుబాక్సు హౌసింగు, బేరింగు బ్రాకెట్టు, డీజిల్ ఇంజను నీటి జాకెట్టు (ఇంజనును చల్లబరిచే నీరు తిరిగే గోడ) వంటి వాటిలో చాలా పగుళ్లను నమ్మకంగా బాగుచేయవచ్చు. అయితే అతుకు నిలుస్తుందా లేదా అన్నది ఆర్కు (రాడ్డు కొసన వెలిగి లోహాన్ని కరిగించే విద్యుత్ మెరుపు) వెలిగిన కొద్ది నిమిషాల కంటే, అంతకుముందు చేసిన తయారీ మీదా, ఆ తరువాత భాగాన్ని చల్లార్చిన తీరు మీదా ఎక్కువగా ఆధారపడుతుంది.

దీనికి కారణం లోహంలోనే ఉంది. యంత్రాల్లో ఎక్కువగా వాడే బూడిదరంగు పోత ఇనుములో సుమారు 2.5 నుంచి 4 శాతం వరకు కార్బన్ ఉంటుంది. అందులో ఎక్కువ భాగం సన్నని గ్రాఫైటు రేకులుగా లోహమంతటా పరుచుకుని ఉంటుంది. ఈ రేకుల వల్లనే బీడు అదురును మింగుతుంది, సులువుగా కోతకు లొంగుతుంది, నొక్కుడు బలాన్ని బాగా తట్టుకుంటుంది. ఆ రేకుల వల్లనే లాగుడుకు మాత్రం తాళలేదు. మెత్తని ఉక్కు తెగేలోగా 20 శాతానికి పైగా సాగగలదు, బూడిద బీడు ఒక్క శాతం కూడా సాగదు. 300 మిల్లీమీటర్ల బీడు ముక్క 500 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కితే ఒకటిన్నర మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది, చల్లారేటప్పుడు అంతే కుంచించుకుపోతుంది. వేడెక్కిన చోటు కుంచించుకుంటూ పక్కనున్న చల్లని లోహాన్ని లాగినప్పుడు ఉక్కు సాగి సర్దుకుంటుంది. బీడు సాగలేక, ఠప్పున శబ్దం చేస్తూ అతుకు పక్కనే కొత్తగా పగులుతుంది.

మరమ్మతు మొదలుపెట్టే ముందు ఆ భాగం ఎందుకు పగిలిందో తేల్చుకోవాలి. బిగింపు బోల్టు వదులై భాగం ఊగిసలాడడం, అరిగిన బేరింగు వల్ల షాఫ్టు పక్కకు లాగడం, సమతలంగా లేని పీఠం మీద పంపును బలవంతంగా బిగించడం, వేడెక్కిన ఇంజనులో ఒక్కసారిగా చన్నీళ్లు పోయడం, జాకెట్టులో నిలిచిన నీరు గడ్డకట్టి ఉబ్బడం మొదలైనవి సాధారణంగా కనిపించే కారణాలు. వీటిని సరిచేయకుండా ఎంత చక్కగా అతికించినా, పగులు అతుకును వదిలి మరో చోట మొదలవుతుంది.

కొన్ని భాగాలను ఎట్టి పరిస్థితిలోనూ అతికించకూడదని నా గట్టి అభిప్రాయం. ఫ్లైవీలు, క్లచ్చు ప్రెషరు ప్లేటు, బ్రేకు డ్రమ్ము, స్టీరింగు ఆర్ము, వేగంగా తిరిగే పుల్లీలు ఈ కోవలోకి వస్తాయి. తిరుగుతున్న చక్రం ముక్కలైతే ఆ ముక్కలు దగ్గరున్న మనిషి మీదికే దూసుకువస్తాయి. అటువంటి చోట కొత్త భాగం తప్ప మరో దారి లేదు.

తరువాత లోహమేదో గుర్తించాలి. పోత పోసినదంతా బీడు కాదు, పోత ఉక్కు కూడా ఉంటుంది, దాని పద్ధతి వేరు. పని మీద ప్రభావం పడని మూలలో ఉలితో చిన్న చెక్కు తీస్తే, ఉక్కు చుట్టుకుంటూ పొడవుగా లేస్తుంది, బీడు చిన్న చిన్న పలుకులుగా రాలుతుంది. గ్రైండరు ఆనిస్తే ఉక్కు నుంచి పొడవైన, ప్రకాశవంతమైన నిప్పురవ్వలు వస్తాయి. బూడిద బీడు నుంచి చక్రం దగ్గరే ఆగిపోయే పొట్టి, ఎర్రని, మసక రవ్వలు వస్తాయి. ఆకురాయితో రుద్దినప్పుడు వేలికి నల్లని పొడి అంటితే అది గ్రాఫైటు. గ్రాఫైటు గుండ్రని ఉండలుగా ఉండే డక్టైల్ బీడు కూడా వ్యవసాయ యంత్రాల్లో కనిపిస్తుంది. అది వంగగలదు, ఇలాంటి తేలిక పరీక్షల్లో తరచు బూడిద బీడుకూ ఉక్కుకూ మధ్యస్థంగా ప్రవర్తిస్తుంది.

ఇక పగులు చివర ఎక్కడుందో వెతకాలి. కంటికి కనిపించే చోటుతో పగులు ఆగిపోదు. రంగును తీగ బ్రష్షుతో పూర్తిగా తొలగించి, జిడ్డు కడిగి, పగులు మీద కిరోసిన్ పూసి కొన్ని నిమిషాలు ఆగాలి. పైపైన పొడిగా తుడిచి సుద్దపొడి రుద్దితే, లోపల ఇంకిన కిరోసిన్ పైకి ఊరి, పగులు నడిచిన దారంతా తడి గీతగా తేలుతుంది. దుకాణాల్లో దొరికే ఎర్రరంగు పెనెట్రెంటు, తెల్లని డెవలపరు స్ప్రేలు కూడా ఇదే సూత్రం మీద, మరింత స్పష్టంగా పనిచేస్తాయి. క్లోరిన్ కలిసిన ద్రావకాలతో శుభ్రం చేసిన చోట మాత్రం ఆర్కు వెలిగించకూడదు. ఆ ఆవిరి ఆర్కు వేడికి ప్రాణాంతకమైన విషవాయువుగా మారగలదు. కనిపించిన గీత చివరికి కాస్త ముందుకు, ప్రతి కొసన 3 నుంచి 6 మిల్లీమీటర్ల బెజ్జం వేస్తే, పగులు మొన దగ్గర కేంద్రీకృతమైన ఒత్తిడి ఆ గుండ్రని అంచు చుట్టూ పంపిణీ అయి, పని జరుగుతుండగా పగులు ఇంకా పాకకుండా ఆగుతుంది. ఈ చిన్న పనిని వదిలేయడం వల్ల పాడైన మరమ్మతులు లెక్కలేనన్ని.

పగులు పొడవునా 60 నుంచి 90 డిగ్రీల కోణంలో గాడి చెక్కాలి. గ్రైండరు రాయి గ్రాఫైటును ఉపరితలం మీద పులుముతుంది, దాని మీద లోహం సరిగా పట్టదు. కాబట్టి గాడిని కార్బైడు బర్రుతోనో (గిర్రున తిరుగుతూ లోహాన్ని కోసే గట్టి పళ్ల పనిముట్టు) ఉలితోనో చేయడం మంచిది. గ్రైండరు తప్పకపోతే చివరన ఆకురాయితో ఒక పొర తీసివేయాలి. ఏళ్ల తరబడి నూనెలో నానిన గేరుబాక్సు హౌసింగు వంటి వాటిలో లోహపు సందుల్లోకి కూడా నూనె ఇంకి ఉంటుంది. గాడి ప్రాంతాన్ని గ్యాసు మంటతో నెమ్మదిగా వేడి చేసి పొగ రావడం ఆగేదాకా ఉంచి, మళ్లీ బ్రష్షు చేయాలి. లేకపోతే అతుకంతా బుడగలతో గుల్లగా తయారవుతుంది. హౌసింగుకు వేడి తగలకముందే నూనె పూర్తిగా తీసి, ప్లగ్గులూ మూతలూ తెరిచి ఉంచాలి. మూసి ఉన్న హౌసింగు లోపల నూనె ఆవిరి పేలగలదు. భాగాన్ని యంత్రం మీదనే వెల్డింగ్ చేయవలసివస్తే బ్యాటరీ తీగలు విప్పి, ఎర్తు క్లాంపును అతుకుకు దగ్గరలో తగిలించాలి. కరెంటు బేరింగుల గుండా పోతే వాటి గోళీలు మచ్చలుపడి పాడవుతాయి.

రాడ్డు విషయానికి వస్తే, మామూలు ఉక్కు రాడ్డు బీడులోని కార్బన్‌ను పీల్చుకుని గాజులా గట్టిపడుతుంది. దానికి డ్రిల్లు దిగదు, చల్లారేలోపే పగులుతుంది కూడా. నికెలు రాడ్డు కార్బన్ కలిసినా మెత్తగానే ఉంటుంది. సుమారు 99 శాతం నికెలు ఉన్న రాడ్డు పలుచని భాగాలకూ, తరువాత డ్రిల్లు వేయవలసిన, లేతు పట్టవలసిన చోట్లకూ తగినది. 55 శాతం నికెలు, మిగతా ఇనుము ఉన్న రాడ్డు మందపాటి భాగాలకూ, డక్టైల్ బీడుకూ మేలు. అది ఎక్కువ బలంగా ఉంటుంది, చల్లారేటప్పుడు తక్కువ కుంచించుకుంటుంది.

పొలం దగ్గరి పనికి ఎక్కువగా అనువైనది చల్లని పద్ధతి. ఇందులో మూల లోహాన్ని ఎప్పుడూ చేయి ఆనించగలిగిన వేడి దాటనివ్వరు. రాడ్డు పెట్టె మీద సూచించిన పరిధిలో కింది అంచుకు దగ్గరగా కరెంటు పెట్టి, కరిగిన రాడ్డు లోహాన్ని 25 మిల్లీమీటర్లకు మించని చిన్న వరుసగా వేసి, చివర గుంట మిగలకుండా నింపి ఆర్కు తీయాలి. ఆ వెంటనే, అతుకు ఇంకా వేడిగా ఉండగానే, గుండ్రని ముఖం ఉన్న చిన్న సుత్తితో దగ్గర దగ్గరగా తేలిక దెబ్బలు వేయాలి. కుంచించుకోబోతున్న అతుకును ఈ దెబ్బలు సాగదీస్తాయి, అందువల్ల పక్కనున్న బీడు మీద లాగుడు తగ్గుతుంది. తరువాత ఆ చోట హాయిగా చేయి పెట్టగలిగేదాకా ఆగి, రెండో వరుసను దాని పక్కనే కాకుండా పగులులో వేరే చోట వేయాలి. నూరు మిల్లీమీటర్ల పగులుకు ఇలా ఒక పూట పట్టవచ్చు. తొందరపడి వరుసల మధ్య విరామం తగ్గించినా, నీళ్లు చల్లినా, గాలి ఊదినా ఆ శ్రమంతా వృథా అవుతుంది.

మందపాటి, సంక్లిష్టమైన ఆకారం గల భాగాలకు వేడి పద్ధతి మంచిది, కాని దానికి కొలిమో బొగ్గుల కుప్పో కావాలి. భాగమంతటినీ సమంగా 260 నుంచి 650 డిగ్రీల మధ్య ఎంచుకున్న వేడికి తెచ్చి, పని ముగిసేదాకా ఆ వేడిని తగ్గనివ్వకూడదు. 760 డిగ్రీలు దాటనివ్వరాదు. వేడిని కంటి అంచనాకు వదలకుండా ఉష్ణోగ్రత చూపే క్రేయానుతో (నిర్ణీత వేడికి కరిగే సుద్ద వంటి కడ్డీ) గీసి చూడాలి. పని కాగానే భాగాన్ని పొడి ఇసుకలోనో, బూడిదలోనో, పొడి సున్నంలోనో పూర్తిగా పూడ్చి, తానంతట తాను చల్లారేదాకా, అవసరమైతే మరుసటి రోజు దాకా కదిలించకూడదు. సగం వేడి పద్ధతి, సగం చల్లని పద్ధతి కలిపితే రెండింటి దోషాలూ చేరతాయి.

నెమ్మదిగా తిరిగే చక్రంలో ఒక ఆకు పగిలినప్పుడు ఈ వేడి సూత్రాన్ని తెలివిగా వాడవచ్చు. ఆకు ఒక్కదాన్నే అతికిస్తే, అటు గుండ్రని అంచూ ఇటు మధ్య బొడ్డూ కదలనివ్వనందున అది చల్లారుతూ తెగిపోతుంది. ఆ ఆకుకు ఇరువైపులా ఉన్న అంచును ముందుగా వేడి చేస్తే, అంచు వ్యాకోచించి ఆకు పగులును కొద్దిగా తెరుస్తుంది. ఆ స్థితిలో అతికిస్తే, చల్లారేటప్పుడు అంచూ ఆకూ కలిసే కుంచించుకుంటాయి, లాగుడు మిగలదు.

గ్యాసు మంటతో కంచు రాడ్డు కరిగించి అతికించే బ్రేజింగు, నా దృష్టిలో, బీడుకు అత్యంత క్షమాగుణం గల పద్ధతి. రాడ్డు సుమారు 870 నుంచి 900 డిగ్రీల దగ్గర కరుగుతుంది, బీడు మాత్రం 1,150 డిగ్రీల పరిసరాలకు చేరితే తప్ప కరగదు. కాబట్టి మూల లోహం కరగకుండానే, బోరాక్సు ఫ్లక్సు (లోహపు ముఖాన్ని శుభ్రపరిచే పొడి) సాయంతో కంచు దాని ముఖానికి పట్టుకుంటుంది. విరిగిన చెవులకు, బ్రాకెట్లకు ఇది చాలా బాగుంటుంది. ఎగ్జాస్టు మానిఫోల్డు వంటి బాగా వేడెక్కే భాగాలకు పనికిరాదు, ఎందుకంటే 260 డిగ్రీలు దాటితే కంచు బలం తగ్గుతుంది. ఒకసారి కంచు పట్టిన చోట తరువాత ఆర్కు వెల్డింగ్ సరిగా కుదరదు కనుక, బాగా ఆలోచించి ఎంచుకోవాలి. రాడ్డులోని జింకు పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలిజ్వరం వస్తుంది. గాలి బాగా ఆడే చోట, పొగ ముఖానికి రాని వైపు నిలబడి పని చేయాలి.

వేడి అసలే తగలకూడని ఇంజను బ్లాకుకు మరలు వేసి కుట్టే పద్ధతి ఉంది. పగులు మీద బెజ్జం వేసి, దానిలో మర తీసి, మరలున్న పిన్ను బిగించి, పైకి మిగిలినదాన్ని కోస్తారు. తరువాతి బెజ్జం ఆ పిన్నును కొంత కొరికేలా వేస్తూ పగులు పొడవునా గొలుసులా సాగిస్తారు. ఇది అనుభవజ్ఞుల పని. బరువు పడని చోట నీటి ఊట మాత్రమే ఆపాలంటే, పగులు కొసల బెజ్జాలు వేసిన తరువాత లోహపు పొడి కలిసిన ఎపాక్సీ జిగురు చాలు, అవసరమైతే గాస్కెట్టు పెట్టి ఉక్కు పట్టీని బోల్టులతో బిగించవచ్చు.

అతుకు పూర్తిగా చల్లారాక మళ్లీ కిరోసిన్, సుద్దతో పరీక్షించాలి. నీటి జాకెట్టయితే నీరు నింపి ఒక రాత్రి వదిలి చూడాలి. బిగింపు ముఖం మీద స్కేలు అంచు ఆనించి వంపు ఉందేమో చూసి, ఉంటే లేతు మీదనో ఆకురాయితోనో సమం చేసిన తరువాతే బిగించాలి. బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. మొదటి కొన్ని గంటలు తేలిక పని చేయించి, యంత్రం ఆపి చల్లారాక ఆ బోల్టుల బిగువును, బెజ్జాలకు అవతలి లోహాన్ని మరొకసారి పరిశీలించాలి.