వేదిక మీద పేర్లు చదివే ముందు జాగ్రత్తలు

డిగ్రీ పట్టా అందుకునే రోజు ఒక్కో విద్యార్థి పేరు మైకులో వినపడేది ఒక్కసారే. అమ్మానాన్నా ఎదురుగా కూర్చుని ఉంటారు. అందుకే ఇవి చూసుకోండి.

• జాబితా ముందురోజే తీసుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే ప్రతి పేరూ తెలుగులో రాసుకోండి. అసలు చిక్కంతా ఇక్కడే. తమిళ, మలయాళ పేర్లలో జెడ్ పక్కన హెచ్ కనిపిస్తే అది 'జ' కాదు. నాలుక వెనక్కి మడిచి పలికే ఆ ధ్వనికి మనకు దగ్గరది 'ళ'. కనిమొజి కాదు, కనిమొళి. దక్షిణాది పేర్లలో టీ, హెచ్ కలిస్తే చాలాసార్లు ఒత్తులేని 'త': లత, గీత.

• చైనా పేర్లలో ఎక్స్ 'ష'కు దగ్గర. 2014లో ఒక టీవీ వార్తల్లో చైనా అధ్యక్షుడు షీ (Xi) జిన్‌పింగ్ పేరును రోమన్ అంకె పదకొండు (XI) అనుకుని 'ఇలెవన్ జిన్‌పింగ్' అని చదివేశారు.

• అనుమానం వస్తే నేరుగా అడగండి: "అమ్మా, నీ పేరు ఒకసారి చెప్తావా?" సంతోషంగా చెబుతారు.

• ఇంటిపేరు ముందా, వెనకా?

• జాబితా మొత్తం ఒకసారి పైకి చదవండి. మనసులో చదివితే నాలుక ఎక్కడ తడబడుతుందో తెలియదు. భార్గవి 'బార్గవి' కాకూడదు, శశాంక్ 'ససాంక్' కాకూడదు.