రిటైరవుతున్న క్రికెటర్ గురించి వీడ్కోలు వ్యాసం రాయడం ఎలా?

అభిమాన క్రికెటర్ ఆటకు వీడ్కోలు చెప్పిన రోజున వచ్చే వ్యాసాల్లో చాలావాటిలో ఒక పేరు తీసేసి మరో పేరు పెట్టినా పెద్దగా తేడా కనిపించదు. 'గొప్ప ఆటగాడు, అంతకు మించి గొప్ప మనిషి', 'నిగర్వి', 'జట్టు కోసమే ఆడినవాడు' వంటి మాటలు ఎవరికైనా సరిపోతాయి కనుక అవి ఎవరి గురించీ ఏమీ చెప్పవు. ఒక మనిషి పదిహేనేళ్లకు పైగా చెమటోడ్చి సంపాదించుకున్న పేరును ఆయనకు మాత్రమే చెల్లే మాటల్లో చెప్పడం అభిమానులుగా మన బాధ్యత. అది ఎలా చేయాలో వి.వి.ఎస్. లక్ష్మణ్‌ను ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను. ఆయన 2012 ఆగస్టు 18న హైదరాబాద్‌లో అంతర్జాతీయ క్రికెట్‌కు వీడ్కోలు పలికారు. రికార్డుల పట్టికలో కనిపించే లక్ష్మణ్ వేరు, మ్యాచ్ చూసినవారికి గుర్తున్న లక్ష్మణ్ వేరు. ఆ దూరాన్ని పూడ్చడమే వీడ్కోలు వ్యాసం చేయవలసిన పని.

మొదట ఒక్క ఇన్నింగ్స్‌ను ఎంచుకోండి. అది అత్యధిక స్కోరే కానక్కర్లేదు. లక్ష్మణ్ అనగానే ఈడెన్ గార్డెన్స్‌లో చేసిన 281 పరుగుల గురించి అందరూ రాస్తారు. నేనైతే 2010 అక్టోబరులో ఆస్ట్రేలియాపై మొహాలీ టెస్టులో చేసిన 73 నాటౌట్‌తో మొదలుపెడతాను. గెలుపు లక్ష్యం 216 కాగా భారత్ 124 పరుగులకే ఎనిమిది వికెట్లు కోల్పోయింది. నడుం నొప్పితో సరిగ్గా కదలలేని లక్ష్మణ్ కోసం రన్నర్‌గా సురేశ్ రైనా పరుగెత్తుతున్నాడు, రెండో వైపు ఇషాంత్ శర్మ ఉన్నాడు. లక్ష్మణ్, ఇషాంత్ కలిసి 81 పరుగులు జోడించారు. ఇషాంత్ 31 పరుగుల వద్ద అవుటయ్యేసరికి ఇంకా 11 పరుగులు కావాలి, చివరి వికెట్ మాత్రమే మిగిలింది. ఆ దశలో పరుగు తీయడంలో చివరి బ్యాట్స్‌మన్ ప్రజ్ఞాన్ ఓఝా తటపటాయించినప్పుడు, మైదానంలో ఎన్నడూ గొంతు పెంచని లక్ష్మణ్ బ్యాటు ఎత్తి గట్టిగా అరిచారు. భారత్ ఒక్క వికెట్ తేడాతో గెలిచింది.

వ్యాసం మొత్తానికీ నిలబెట్టుకోవలసిన దృశ్యం ఆ అరుపే. 'లక్ష్మణ్ సౌమ్యుడు' అని పది వాక్యాలు రాసినా రాని స్పష్టత, అంత సౌమ్యుడికి కూడా ఓటమి ఎంత దుర్భరమో చూపించే ఆ ఒక్క క్షణంలో ఉంది. స్వభావాన్ని విశేషణాలతో చెప్పకుండా, ఆ స్వభావం తన హద్దు దాటిన చోట పట్టుకోవాలి. మీరు రాయబోయే క్రికెటర్ శాంతస్వభావుడైతే ఆయనకు కోపం వచ్చిన సందర్భాన్ని వెతకండి, దూకుడు మనిషి అయితే ఓపిక పట్టిన సందర్భాన్ని వెతకండి.

ఆ తరువాత ఆయన తీసుకున్న నిర్ణయాల వైపు చూడండి. పరుగులలో అదృష్టం పాలు కొంత ఉంటుంది, నిర్ణయంలో మాత్రం మనిషి పూర్తిగా బయటపడతాడు. ఓపెనర్‌గా లక్ష్మణ్ 2000 జనవరిలో సిడ్నీలో 167 పరుగులు చేశారు. అయినా అది తన స్థానం కాదని గ్రహించి, ఇకపై ఇన్నింగ్స్ ప్రారంభించనని చెప్పి, జట్టులో చోటు పోయే ప్రమాదాన్ని తెలిసి తెలిసి నెత్తిన వేసుకున్నారు. 1999-2000 రంజీ సీజన్‌లో హైదరాబాద్ తరఫున 1,415 పరుగులు చేశారు. 2001 మార్చిలో ఈడెన్‌లో భారత్ 274 పరుగుల వెనుకబాటుతో ఫాలోఆన్ (వెంటనే రెండో ఇన్నింగ్స్) ఆడుతుండగా, ఆయనను ఆరో స్థానం నుంచి మూడో స్థానానికి పంపారు. ఆ 281 వచ్చింది అప్పుడే. ద్రావిడ్‌తో కలిసి నాలుగో రోజంతా ఒక్క వికెట్ కూడా పడకుండా ఆడిన ఆ 376 పరుగుల భాగస్వామ్యం గురించి పాఠకులకు తెలుసు. దానికి ముందున్న ఏడాది గురించి చాలామందికి తెలియదు, అందుకే మీ వ్యాసంలో ఎక్కువ చోటు దానికివ్వండి.

గణాంకాలను పొదుపుగా వాడాలి. 134 టెస్టులు, 8,781 పరుగులు, 17 శతకాలు, 45.97 సగటు అని వరసగా పేర్చేస్తే పాఠకుడు వెంటనే సచిన్‌తోనో ద్రావిడ్‌తోనో పోల్చి చూస్తాడు, పోలికలో లక్ష్మణ్ చిన్నబోతారు. ప్రతి అంకె ఒక ప్రశ్నకు జవాబుగా రావాలి. పదిహేడు శతకాలే ఎందుకు అని అడిగితే, చాలాకాలం అయిదు, ఆరు స్థానాల్లో దిగి టెయిలెండర్లతో (చివర్లో దిగే బౌలర్లతో) ఇన్నింగ్స్‌ను నెట్టుకొచ్చిన మనిషికి నూరు దాకా వెళ్లే అవకాశం తరచూ దొరకలేదన్న జవాబు వస్తుంది. అప్పుడు మొహాలీలో చేసిన 73 విలువ దానంతట అదే తేలుతుంది.

ఆట అందాన్ని వర్ణించేటప్పుడు 'కళాత్మకం', 'మణికట్టు మాయాజాలం' అని ఆగిపోకుండా ఆ షాట్ ఎలా ఆడారో చెప్పండి. ఆస్ట్రేలియా లెగ్‌స్పిన్నర్ షేన్ వార్న్ లెగ్‌స్టంప్ బయట బౌలర్ల అడుగులతో గరుకుబారిన చోట బంతి వేస్తే, లక్ష్మణ్ క్రీజు వదిలి ముందుకొచ్చి స్పిన్‌కు ఎదురుగా మిడ్‌వికెట్ వైపు కొట్టేవారు. అదే చోట పడిన మరో బంతిని లెగ్ వైపు జరిగి, కవర్స్ మీదుగా పంపేవారు. అప్పుడు ఫీల్డర్‌ను ఎక్కడ నిలబెట్టాలో కెప్టెన్‌కు తోచదు. ఇలా చెబితే మ్యాచ్ చూడనివారికీ ఆ అందం అందుతుంది.

లోపాలను దాచవద్దు. లక్ష్మణ్ వికెట్ల మధ్య చురుగ్గా పరుగెత్తేవారు కారు. 86 వన్డేలు ఆడినా ఒక్క వన్డే ప్రపంచకప్ మ్యాచ్ కూడా ఆడలేదు. 2003 ప్రపంచకప్ జట్టులో చోటు దక్కకపోవడం ఆయనను తీవ్రంగా బాధించింది. చివరి దశలో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా పర్యటనల్లో జట్టు 4-0 తేడాతో ఓడినప్పుడు ఆయన బ్యాటూ మూగబోయింది. వీటిని ఒకటి రెండు వాక్యాల్లో, సానుభూతితోనే గాని సమర్థింపు లేకుండా రాయండి. లోటును ఒప్పుకున్న వ్యాసంలోని మెప్పును పాఠకుడు నమ్ముతాడు.

బౌలర్ల విషయంలోనూ పద్ధతి ఇదే. అనిల్ కుంబ్లే తీసిన 619 టెస్టు వికెట్లను ఒకసారి చెబితే చాలు. 2002లో ఆంటిగ్వాలో విరిగిన దవడకు కట్టు కట్టుకుని బౌలింగ్‌కు దిగి, వెస్టిండీస్ బ్యాట్స్‌మన్ లారాను అవుట్ చేసిన ఘట్టాన్ని మాత్రం తీరిగ్గా రాయాలి.

వీడ్కోలు తీరుకు ఒక పేరా కేటాయించండి. న్యూజిలాండ్ సిరీస్‌కు లక్ష్మణ్ ఎంపికయ్యారు, మొదటి టెస్టు సొంతూరు హైదరాబాద్‌లోనే జరగనుంది. తన వాళ్ల చప్పట్ల మధ్య చివరి మ్యాచ్ ఆడే వీలుండగా, కొద్ది రోజుల ముందే ఆయన తక్షణం తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. ఆ చోటు కుర్రాళ్లకు దక్కాలన్నది ఆయన ఆలోచన. సరిగ్గా చేశారా, తొందరపడ్డారా అన్నదానిపై మీ అభిప్రాయాన్ని నిర్భయంగా రాయండి. నా మటుకు నాకు, ఓపెనింగ్ వద్దన్న రోజు నాటి లక్ష్మణే ఈ నిర్ణయంలోనూ కనిపించారు.

ప్రచురించే ముందు ప్రతి అంకెనూ స్కోరుకార్డుతో సరిచూసుకోండి. ఆటగాడి పేరుకు బదులు మరో క్రికెటర్ పేరు పెట్టి ప్రతి వాక్యాన్నీ చదవండి. అప్పుడు కూడా నిలబడే వాక్యాలను కొట్టేయండి. ఆయన ఆటను ఎన్నడూ చూడని కుర్రాడెవరికైనా మిగిలినదాన్ని చదివి వినిపించి, ఎక్కడ ప్రశ్న అడిగితే అక్కడ మరో రెండు వాక్యాలు చేర్చండి.