పెళ్లిళ్ల ముహూర్తాలకు ముందే చెత్త విషయంలో ఫంక్షన్ హాళ్లు తీసుకోవలసిన జాగ్రత్తలు

మాఘ, ఫాల్గుణ మాసాల్లో ముహూర్తాలు వరుసగా పడినప్పుడు, రాత్రి ఒకరు ఖాళీ చేసిన హాలును తెల్లవారేసరికి మరొకరికి అప్పగించాలి కాబట్టి, ఎంగిలి ఆకులు, నీళ్ల సీసాలు, దండలు, అట్టపెట్టెలు అన్నీ ఒకే ట్రాక్టరులోకి ఎక్కుతాయి. పెరుగన్నం అంటిన అట్టను పాత సామాను కొనేవారు ముట్టుకోరు, ప్లాస్టిక్ ముక్కలు కలిసిన అన్నం ఎరువుగా పనికిరాదు. అలా కలిసిపోయిన చెత్తకు డంపింగ్ యార్డు తప్ప వేరే దారి ఉండదు. అక్కడి గుట్టల అడుగున గాలి తగలక కుళ్లే ఆహారం నుంచి మీథేన్ వాయువు, నల్లటి ఊట వెలువడతాయి. అందువల్ల హాలు యాజమాన్యం చేయవలసిన పనిలో అధిక భాగం ముహూర్తానికి ముందే, బుకింగ్ నాడే మొదలవుతుంది.

అడ్వాన్సు తీసుకునేటప్పుడే చెత్తకు సంబంధించిన షరతులను ఒప్పంద పత్రంలో రాసి, పెళ్లివారికే కాక క్యాటరింగ్, డెకరేషన్ వారికి కూడా చూపించి సంతకాలు తీసుకోవాలి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్, 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) కన్నా పలుచని పీవీసీ ప్లాస్టిక్ బ్యానర్లు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి కనుక, వాటిని గేటు దగ్గరే ఆపడానికి యాజమాన్యం మొహమాటపడనక్కర్లేదు.

అన్నిటికన్నా ఎక్కువగా మోసపోయేది విస్తరి దగ్గర. అరిటాకులా పచ్చగా అచ్చు వేసిన కాగితపు విస్తళ్లలో చాలావాటికి పైన పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. కాగితపు టీ కప్పుల లోపలా అలాంటి పొరే ఉంటుంది. కాగితమే కదా అని వీటిని తడి చెత్తలో వేస్తే కాగితం కుళ్లి, పొర మాత్రం ఎరువులో మిగిలిపోతుంది. సరుకు దిగగానే ఒక విస్తరిని చింపి కాసేపు నీళ్లలో నానబెట్టి చూస్తే పొర విడిగా ఊడివచ్చి సంగతి తేలిపోతుంది. అసలైన అరిటాకు గాని, పుల్లలతో కుట్టిన మోదుగాకు విస్తరి గాని, కడిగి వాడుకునే స్టీలు కంచం గాని ఉంటే ఈ పరీక్షే అవసరం లేదు. అలాగే చిన్న సీసాలకు బదులు ఇరవై లీటర్ల క్యాన్లు, స్టీలు గ్లాసులు పెడితే పొడి చెత్తలో పెద్ద భాగం పుట్టకుండానే పోతుంది. అయితే గ్లాసులు కడిగేవారి కూలిని ముందే లెక్కలో చేర్చకపోతే, రెండో బంతికే ప్లాస్టిక్ గ్లాసులు ప్రత్యక్షమవుతాయి.

చేతులు కడుక్కునే చోటికి వెళ్లే దారిలో తడి చెత్తకు, పొడి చెత్తకు వేర్వేరు డబ్బాలు ఉంచి, భోజనాలు ముగిసేదాకా పక్కన ఒక మనిషిని నిలబెట్టాలి. రంగుల డబ్బాలు పెట్టి, బోర్డు రాసి ఊరుకుంటే బఫే హడావిడిలో ఎవరూ చదవరు. పసిపిల్లల డైపర్లు, శానిటరీ ప్యాడ్ల కోసం మరుగుదొడ్ల దగ్గర మూత ఉన్న డబ్బా విడిగా ఉండాలి.

మిగిలిన వంట విషయంలో ఆలస్యం ప్రమాదకరం. వండిన పదార్థాన్ని మామూలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదని, వేడిగా ఉంచదలిస్తే 60 డిగ్రీలకు పైగా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కనుక అన్నార్తులకు పంచేవారితో ముందురోజే మాట్లాడి, వడ్డించని గిన్నెలను మాత్రమే, చివరి బంతి పూర్తికాకముందే వారికి అప్పగించాలి. విస్తళ్లలో మిగిలినది ఎరువుకో బయోగ్యాస్‌కో పోవాలి. వేపుళ్లకు వాడిన నూనెను కాలువలో పారబోయకుండా డబ్బాలో పట్టి, బయోడీజిల్ కోసం సేకరించేవారికి ఇవ్వవచ్చు.

పూలదండల్లో నైలాను దారం, ఇనుప తీగ ఉంటే వాటిని తీయడానికే సగం రోజు పడుతుంది కాబట్టి, నూలు దారంతో గుచ్చమని డెకరేషన్ వారికి ముందే చెప్పాలి. అరిటాకులను ముక్కలుగా నరికి, ఎండుటాకులు, పేడ కలిపి పొరలుగా వేస్తే త్వరగా చివుకుతాయి. హాలులో అంత స్థలం లేకపోతే, తడి చెత్తను తీసుకెళ్లే మునిసిపాలిటీ బండి లేదా ఎరువు కేంద్రంతో సీజనుకు ముందే రాతపూర్వకంగా మాట్లాడుకుని, ముహూర్తాల తేదీల జాబితాను వారికి ఇవ్వడం మంచిది. లైసెన్సు లేని తోటలోనో ఖాళీ స్థలంలోనో వందమందికి మించి పిలిస్తే, కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. ప్రతి వేడుక తర్వాత తడి, పొడి చెత్తలను విడివిడిగా తూచి పుస్తకంలో రాసుకుంటే, ఏ క్యాటరర్ వచ్చిన రోజున ఎక్కువ అన్నం పారేయవలసి వచ్చిందో తర్వాతి బుకింగ్‌లో అంకెలు చూపించి మాట్లాడవచ్చు.