సెకండ్ హ్యాండ్ రీలు కెమెరా: తక్కువ ధరలో మంచిది ఎంచుకోవడం ఎలా?

కెమెరా కంటే ముందు రీలు (ఫిల్మ్) సంగతి చూడండి. ఇప్పుడు సులువుగా దొరికేదీ, ల్యాబుల్లో కడిగేదీ 35 ఎంఎం రీలే. 126 అనే పాత రకం రీళ్ల తయారీ ఎప్పుడో ఆగింది, ఏపీఎస్ అనే మరో రకం రీళ్లది 2011లో ఆగింది. ఆ రకం కెమెరాలు ఊరికే ఇచ్చినా వద్దు.

ఇంట్లో బీరువా కూడా ఒకసారి వెతకండి. మన ఇళ్లలో యాషికా ఎంఎఫ్-2 చాలామంది వాడారు. దానికి ఫోకస్ తిప్పే పని లేదు, పెన్ సెల్స్ ఫ్లాష్ కోసమే. సెల్స్ కారి పచ్చగా చిలుము పడితే వెనిగర్ అద్దిన దూదితో తుడిస్తే చాలాసార్లు పోతుంది.

కొనాలంటే మాత్రం బ్యాటరీ లేకపోయినా షట్టర్ (రీలు మీద వెలుతురు పడనిచ్చే తెర) పడే మెకానికల్ ఎస్ఎల్ఆర్ (లెన్సులోంచే చూసి ఫొటో తీసే కెమెరా) తీసుకోండి. పెంటాక్స్ కె1000 (1976-1997), యాషికా ఎఫ్ఎక్స్-3 సూపర్ 2000, నికాన్ ఎఫ్ఎం10 ఈ కోవవి. వీటిలో ఎల్ఆర్44 బటన్ సెల్స్ లైట్ మీటర్ (వెలుతురు కొలిచే సాధనం) కోసమే. అందుకే మీటర్ పోయిన కెమెరాను మించిన బేరం లేదు: ధర తగ్గుతుంది, ఫొటోకి ఏ లోటూ రాదు. ఫోన్‌లో మీటర్ యాప్ ఉంటే సరిపోతుంది. కెనాన్ ఏఈ-1 మంచి కెమెరాయే, కానీ 6 వోల్టుల బ్యాటరీ లేనిదే షట్టర్ కదలదు. సర్క్యూట్ పోతే పాత కెమెరాల నుంచి పీకిన పార్టులే దిక్కు.

చేతికి తీసుకోగానే వెనక తలుపు తెరవకండి. రివైండ్ నాబ్‌ను (రీలును వెనక్కి చుట్టేది) బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పండి. గట్టిగా తగిలితే లోపల రీలుందన్నమాట.

అసలు పరీక్ష షట్టర్‌ది. తలుపు తెరిచి, లెన్స్ తీసేసి, కెమెరాను కిటికీ వైపు పెట్టి, వెనకనుంచి ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ తీయండి. 1 సెకను స్పీడుకి (అంటే షట్టర్ తెరుచుకుని ఉండే సమయం) 240 ఫ్రేములు, 1/30కి 8, 1/60కి 4 ఫ్రేముల దాకా వెలుతురు కనిపించాలి. 1 సెకను రెండు సెకన్లయినా, మధ్యలో ఆగిపోయినా లోపలి గ్రీజు గట్టిపడిందని అర్థం. సర్వీసింగ్‌తో బాగవుతుంది, ఆ ఖర్చు ధరలో తగ్గించుకోండి. 1/1000 దగ్గర తెల్లగోడను చూస్తూ నొక్కితే ఫ్రేమ్ అంతా ఒకేలా మెరవాలి. ఒక పక్క చీకటిగా ఉంటే ఆ కెమెరా వదిలేయండి. కె1000లో షట్టర్ గుడ్డది. ముడతలు, చిల్లులు చూడండి, వేలు మాత్రం తగలనివ్వకండి.

లెన్స్ వెనకనుంచి ఫోన్ టార్చి వేసి, అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, ముందునుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము పర్వాలేదు. సన్నటి తెల్లదారాలు అల్లుకుని కనిపిస్తే అది బూజు. అంచున కొద్దిగా ఉంటే సర్దుకోవచ్చు. మధ్యలో ఉంటే వద్దు, అది గాజు మీది పూతను తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపుగాలి ఊళ్లలో తోలు కేసులోనే ఏళ్లపాటు ఉండిపోయిన లెన్సులను మరీ జాగ్రత్తగా చూడాలి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. తర్వాత ఎఫ్/16 (చిన్న రంధ్రం) పెట్టి అపర్చర్ రేకులు చూడండి. నూనె మెరిస్తే అవి సమయానికి మూసుకోవు, ఫొటోలు తెల్లబోతాయి.

తలుపు అంచుల్లోని నల్ల స్పాంజి వేలికి జిగటగా అంటుకుంటే బెదరకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గీకేసి, గాడుల్లో నల్ల ఊలు దారం అతికిస్తే వెలుతురు లోపలికి రాదు. ఎఫ్ఎక్స్-3 మీది తొడుగు ఊడిపోవడం కూడా మామూలే. బేరానికి పనికొస్తుంది.

మొదటి రీలు ఐఎస్ఓ (వెలుతురుకు రీలు స్పందించే స్థాయి) 200ది వేయండి. రీలును ముందుకు జరిపే లివర్ లాగినప్పుడల్లా రివైండ్ నాబ్ తిరగాలి, తిరగకపోతే రీలు పట్టుకోలేదు, 36కి 36 ఖాళీ. మిట్ట మధ్యాహ్నం ఎండలో ఎఫ్/16, 1/250 చాలు. కడిగించాక స్కాన్లతో సరిపెట్టుకోకుండా నెగటివ్ అడిగి తీసుకోండి. ఫ్రేముల మధ్య ఎడం ఒకేలా లేకపోతే రీలు లాగే పళ్లలో లోపం. ప్రతి ఫ్రేమ్‌లో ఒకే అంచున నల్లగా చార ఉంటే స్పాంజి మళ్లీ అతికించాలి.